పగలు ఇంట్లో ఎవరూ ఉండరు

థాంక్స్‌గివింగ్ మర్నాడు శశికాంత్ క్యూలో మూడు గంటలు నిలబడి కొనుక్కొచ్చిన వస్తువు గుండ్రంగా, నున్నగా, అరచేతిలో పట్టేంత ఉంది. శ్రీవల్లి దాన్ని చూసి ఊరగాయ జాడీ మూతేమో అనుకుంది. కొత్త థర్మోస్టాట్ అట. హాల్లో మెట్ల పక్కనున్న పాతది పీకేసి దీన్ని బిగించాక, పెళ్ళిచూపుల్లో కూడా ఆమెను అంత శ్రద్ధగా చూడని శశికాంత్ రెండడుగులు వెనక్కి వేసి మరీ దాన్ని తేరిపార చూశాడు.

"ఇది మన అలవాట్లు నేర్చుకుంటుంది వల్లీ. మనం ఏమీ సెట్ చెయ్యక్కర్లేదు. ఇంట్లో మనుషులుంటే వేడి పెంచుతుంది, లేకపోతే తగ్గించేస్తుంది. దానికి కన్నుంది."

"నాకు రెండున్నాయండీ. చేతులు కూడా ఉన్నాయి. చలేస్తే పెంచుతాను, లేకపోతే తగ్గిస్తాను."

"హ్యూమన్ ఎర్రర్," అన్నాడు శశికాంత్.

ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమెను రకరకాల పేర్లతో పిలిచాడు గానీ ఇది కొత్తది.

ఆ వస్తువు నిజంగానే నేర్చుకుంది. వారం తిరక్కుండా అది నేర్చుకున్నదేమిటంటే, పొద్దున్న ఎనిమిదీ నలభైకి గరాజ్ తలుపు మూసుకున్నాక ఈ ఇంట్లో ఎవరూ ఉండరని.

పాపం, దాని తప్పేం లేదు. శ్రీవల్లి పగలంతా ఉండేది వంటింట్లోనూ, దాన్ని ఆనుకున్న భోజనాల బల్ల దగ్గరా. అక్కడికీ హాలుకీ మధ్య శశికాంత్ రెండేళ్ళ కిందటే ఒక దళసరి షవర్ కర్టెన్ వేలాడదీశాడు. పోపు వాసన హాల్లోకొచ్చి, అక్కడ తగిలించిన కోట్లకు పట్టి, కోట్లతో పాటు షాంటిలీ నుంచి హెర్న్‌డన్ దాకా ప్రయాణం చేసి, ఆఫీసు లిఫ్ట్‌లో తేలుతోందని. లిఫ్ట్‌లో ఎవరో ఒకావిడ గాలి పీల్చి, "ఎవరో మంచి భోజనం చేసినట్టున్నారే" అందట. ఆ సాయంత్రానికల్లా కర్టెన్ వచ్చేసింది. దాని నిండా నీలం చేపలు. ఆ చేపల వెనక ఒక మనిషి మసులుతోందని గోడ మీది కంటికి తెలిసే దారి లేదు. ఒంటి వేడిని పసిగట్టే కన్ను అది. అంత మందం ప్లాస్టిక్ దాటి ఒంటి వేడి వెళ్ళదు. ఈ సంగతి శ్రీవల్లికి తెలుసు. పెళ్ళికి ముందు పిఠాపురంలో జూనియర్ కాలేజీలో మూడేళ్ళు ఫిజిక్స్ చెప్పింది. ఉష్ణప్రసారం ఎన్ని రకాలంటే నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఉద్యోగం చెయ్యనివ్వని హెచ్-4 వీసా మీద అమెరికా వచ్చాక నిద్రలో లేపి అడిగినవాళ్ళూ లేరు, మెలకువలో అడిగినవాళ్ళూ లేరు.

తొమ్మిదింపావు అయ్యేసరికి హాల్లోంచి 'టిక్' మని చప్పుడు. ఫారెన్‌హీట్ అంకె అరవై ఎనిమిది నుంచి యాభై ఎనిమిదికి దిగేది, మన ఊరి లెక్కలో ఇరవై నుంచి పద్నాలుగుకి. అంకె కింద 'అవే' అని ఇంగ్లీషులో. అంటే, అందరూ బయటికెళ్ళారు అని.

మొదట్లో అరగంటకోసారి కర్టెన్ తొలగించుకుని వెళ్ళి దానికి దర్శనమిచ్చి వచ్చేది. ఎందుకైనా మంచిదని చేతులు కూడా ఊపేది. ఒకరోజు పార్సిల్ ఇవ్వడానికొచ్చినవాడు తలుపు అద్దంలోంచి చూసి, తనకే అనుకుని, వాడూ చెయ్యి ఊపాడు. ఆ నెలలో పగటిపూట ఆమెను పలకరించిన మనిషి అతనొక్కడే.

దర్శనాలతో విసిగిపోయి చేత్తో తిప్పి అరవై ఎనిమిది చేస్తే, అయిదు నిమిషాల్లో ఫోన్ మోగేది.

"ఇంటికి ఎవరన్నా వచ్చారా?"

"లేదే."

"ఫోన్లో అరవై ఎనిమిది చూపిస్తోంది."

"నేనే తిప్పాను."

"ఓ, నువ్వా!" అనేవాడు శశికాంత్, గుండె కుదుటపడి. "ఎవరో గెస్ట్స్ అనుకున్నాను. స్వెటర్ వేసుకుని కొంచెం అటూ ఇటూ తిరుగు, చలి అదే పోతుంది."

ఆమె ఫోన్ కింద పెట్టేలోపే హాల్లో 'టిక్'.

శశికాంత్ చెడ్డవాడు కాదు. ఈ మాట శ్రీవల్లి తనకు తాను రోజుకు రెండుసార్లు చెప్పుకునేది, భోజనం తర్వాత మాత్ర వేసుకున్నట్టు. గ్రీన్‌కార్డ్ అతని చేతిలో లేదు. మార్చి తర్వాత ప్రాజెక్టు ఉంటుందో లేదో అతని చేతిలో లేదు. కొన్న నాటి నుంచీ ఈ టౌన్‌హౌస్ ధర పడిపోవడమూ అతని చేతిలో లేదు. కరెంటు వాడకం ఒక్కటే చేతిలో ఉంది. దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఆ పట్టు ఎవరి మెడ మీద బిగుస్తోందో చూసుకోలేదు, అంతే.

పైగా అందులో అతనికి పేరు వచ్చింది. కరెంటు కంపెనీవాళ్ళు నెలనెలా ఒక కాగితం పంపేవాళ్ళు, మన ఇంటిని చుట్టుపక్కల ఇళ్ళతో పోలుస్తూ. రెండు నవ్వుమొహాలు వేస్తే భేష్ అని. ఒకటి వేస్తే ఫరవాలేదు అని. అసలు వెయ్యకపోతే మనమే అర్థం చేసుకోవాలి. డిసెంబరులో శశికాంత్‌కి రెండు వచ్చాయి. ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద వినాయకుడి మ్యాగ్నెట్ కింద పెట్టాడు. శనివారం తలా ఒక వంటా తెచ్చుకునే పాట్‌లక్‌లో మగవాళ్ళు పేపర్ ప్లేట్లు పట్టుకుని నిలబడి, ఒకప్పుడు ఎంసెట్ ర్యాంకులు చెప్పుకున్న నోళ్ళతోనే ఎవరికెన్ని నవ్వుమొహాలు వచ్చాయో చెప్పుకున్నారు. "పగలు యాభై ఎనిమిదిలో పెట్టేస్తా," అని శశికాంత్ అంటే, అదే వీధిలో ఉండే విశ్వనాథం గారు గారె కొరకడం ఆపి అతని వైపు గౌరవంగా చూశారు.

వంటింట్లో ఆయన భార్య పద్మ శ్రీవల్లి చెవిలో చెప్పింది: "మా ఆయన తక్కువనుకున్నవా? నేను బట్టలారేసే డ్రైయర్‌కి వీపు ఆనించి కూసుంటున్న. రోజూ బట్టలు ఏడికెల్లి తేవాలె? ఉతికినయే మళ్ళ ఉతుకుతున్న."

"నేనైతే మా ఆయనకి ఫిజిక్స్ చెప్పి చూశాను పద్మక్కా. మాది హీట్‌పంప్, బయటి గాలిలోని వేడిని లోపలికి తోడేది. పగలంతా చల్లారబెట్టి, సాయంత్రం ఒక్కసారిగా పది డిగ్రీలు లేపితే, పంపు వల్ల కాక లోపలి హీటర్ తీగలు అంటుకుంటాయి. పగలు మిగిల్చిన కరెంటంతా అవే తాగేస్తాయి. రోజంతా ఒకే తీరున, నిదానంగా ఉంచితేనే నయం అన్నాను."

"ఏమన్నడు?"

"నీకింకా లెక్చరర్ బుద్ధి పోలేదన్నాడు."

పద్మ గరిటె చప్పుడు చేస్తూ, ఆ చప్పుడు మాటున అంది: "చెప్పుడు బంద్ పెట్టు. చిన్న హీటర్ ఒకటి కొనుక్కొచ్చి దాచుకో. చలి నీది, హీటర్ నీది. వాళ్ళకెందుకు?"

శ్రీవల్లి సోమవారమే నడుచుకుంటూ వెళ్ళి సెకండ్ హ్యాండ్ షాపులో పదిహేనువందల వాట్ల నూనె హీటర్ కొనుక్కొచ్చింది. వంటింటి పక్క సామాన్ల గదిలో సోనామసూరి బస్తా వెనక పెట్టింది. రెండు చేతులూ చాపితే ఒక చేతికి మినప్పప్పు, ఇంకో చేతికి ఆవాలు తగిలేంత గది అది. అందులో ఒక స్టూలు వేసుకుని, తలుపు దగ్గరకు వేసుకుని కూర్చునేది. బయట జనవరి. ఆ ఏడు ఎక్కడో ఉత్తరాన ఉండాల్సిన చలి దారి తప్పి వర్జీనియా మీదకొచ్చి కూర్చుంది. టీవీలో దానికొక పేరు కూడా పెట్టారు. హాల్లో థర్మోస్టాట్ 'అవే' అంటూ ఉండేది. అననీ అనుకునేది శ్రీవల్లి, వేడి బియ్యం వాసన పీల్చుకుంటూ. పెళ్ళయ్యాక ఇంత సుఖంగా ఉన్న మూడు వారాలు ఆమెకు గుర్తులేవు. అవి సామాన్ల గదిలో గడిచాయంటే నవ్వు కూడా వచ్చేది.

ఫిబ్రవరి మొదట్లో కాగితం వచ్చింది. ఒక్క నవ్వుమొహం కూడా లేదు.

శశికాంత్ దాన్ని నిలబడి చదివాడు, కూర్చుని చదివాడు, వెనక్కి తిప్పి చూశాడు. ఫ్రిజ్ మీది పాత కాగితంతో పోల్చాడు. ఫోన్లో థర్మోస్టాట్ చరిత్రంతా తీశాడు. నెలంతా పగలు 'అవే'నే. మరి కరెంటు ఎటు పోతోంది?

"ఇల్లు లీకవుతోంది," అన్నాడు చివరికి, కళ్ళజోడు తీసి. "వల్లీ, మనం లీకయ్యే ఇల్లు కొన్నాం."

అతని మొహం చూస్తే జాలేసింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా. ఈలోపే అతను ఫోన్ అందుకుని, ఇళ్ళల్లో వేడి ఎక్కడెక్కడ కారిపోతోందో పరీక్ష చేసేవాణ్ణి పిలిచేశాడు. పోనీలే అనుకుంది. పరీక్షకొచ్చేవాడు చదువుకున్నవాడై ఉంటాడు. హీట్‌పంప్ గురించి తను చెప్పిందే అతనూ చెబుతాడు. అతని నోటితో వస్తే శశికాంత్ వింటాడు. పగలు అరవై ఎనిమిది, కనీసం అరవై ఆరు. ఆమెకు కావలసింది ఆ అంకె ఒక్కటే. అది వచ్చిన రోజున హీటర్‌ని చప్పుడు చెయ్యకుండా చెత్తలో పడేస్తుంది. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

శుక్రవారం శశికాంత్ ఇంట్లోంచి పని చేస్తున్న రోజున వచ్చాడతను. డేల్ అని పేరు. అరవయ్యేళ్ళు పైబడ్డ భారీ మనిషి. గుమ్మంలో చెప్పుల వరస చూసి, ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పేశాడు. వీధి తలుపుకి ఎర్రటి గుడ్డ అడ్డం కట్టి, దాని మధ్యలో పెద్ద ఫ్యాన్ పెట్టి, ఇంట్లో గాలినంతా బయటికి లాగించాడు. ఇల్లు ఒక్కసారిగా ఊపిరి తీసుకుంది. స్విచ్చుల చుట్టూ, కిటికీల అంచుల్లో, అటక తలుపు సందుల్లో సన్నగా ఈలలు మొదలయ్యాయి. నీలం చేపలు ఒక్కుమ్మడిగా వీధి గుమ్మం వైపు ఈదాయి.

ఫ్యాన్ ఆపేశాక హాల్లో కూర్చుని ప్రశ్నలు వేశాడు. ఇల్లు ఎన్నేళ్ళది? స్నానానికి వేడినీళ్ళు ఎంతసేపు? శ్రీవల్లి ట్రేలో టీ పట్టుకుని వచ్చేసరికి అడుగుతున్నాడు:

"పగలు ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"ఎవరూ ఉండరు," అన్నాడు శశికాంత్.

డేల్ పెన్ను ఆపాడు. శశికాంత్‌ని చూశాడు, ట్రే పట్టుకున్న ఆమెను చూశాడు. "ఎవరూనా?"

"షీ ఈజ్ ఫ్లెక్సిబుల్," అన్నాడు శశికాంత్ నవ్వుతూ. అందులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. ఆమెను మెచ్చుకున్నాననే అనుకున్నాడు.

"ఎందుకడిగానంటే," అన్నాడు డేల్ నెమ్మదిగా, "మీది హీట్‌పంప్. పగలు మనిషి ఉంటే, ఇలా పది డిగ్రీలు దించి ఎత్తడం వల్ల మీకు కలిసొచ్చేది ఏమీ ఉండదు. అరవై ఏడులో పెట్టి వదిలేయమంటాను. నిజంగానే ఎవరూ ఉండకపోతే, మీరు చేస్తున్నట్టే కొంచెం అటూ ఇటూగా కానివ్వొచ్చు. అందుకని మళ్ళీ అడుగుతున్నాను." ఈసారి ఆమె వైపే తిరిగి అడిగాడు. "మేడమ్, పగలు ఎవరన్నా ఉంటారా?"

ఎనిమిదేళ్ళుగా ఎదురుచూసిన ప్రశ్న. ఒక్క మాట చాలు. నేనుంటాను. జూనియర్ ఇంటర్ కుర్రాడు కూడా చెప్పగలిగిన జవాబు. కానీ ఆ మాట అంటే తర్వాతి ప్రశ్న ఏమిటో ఆమెకు తెలుసు: మరి యాభై ఎనిమిదిలో ఎలా ఉంటున్నావు? అరగంట కిందటి దాకా, శశికాంత్ పైన మీటింగ్‌లో ఉన్నంతసేపూ, బస్తా వెనక హీటర్ నడుస్తూనే ఉంది. అదింకా చల్లారి ఉండదు. గొప్ప తెలివనుకుని చేసిన పనే ఇప్పుడు ఆ ఒక్క మాటకీ అడ్డం పడింది.

"పంచదార ఎంత వెయ్యమంటారు?" అంది శ్రీవల్లి.

డేల్ రెండు చెంచాలు అన్నాడు. కాగితం మీద సున్నా చుట్టాడు.

తర్వాత కెమెరా తీశాడు. చల్లనివన్నీ నీలంగా, వెచ్చనివన్నీ ఎర్రగా చూపించే కెమెరా అది. శశికాంత్ అతని భుజం మీంచి తెర చూస్తూ వెనకే నడిచాడు. గోడలు ఊదారంగులో ఉన్నాయి. కిటికీలు నల్లటి నీలం. డేల్ కర్టెన్ పక్కకి తొలగించి వంటింట్లోకి తిప్పేసరికి, ఆ నీలం మధ్యలో పసుపూ నారింజా కలిసిన ఒక ఆకారం నిలబడి ఉంది, చేతిలో తెల్లగా మండుతున్న కప్పుతో. డేల్ మడత తెరని ఆమెకూ కనబడేలా ఓరగా తిప్పితే శ్రీవల్లి తొంగి చూసింది. ఎవరీ మనిషి ఇంత వెలుగుతోంది అనుకుంది. ఆమె కదిలితే అదీ కదిలింది.

దాని వెనక, సామాన్ల గది తలుపు కింది సందు నిప్పుకణికలా ఎర్రగా ఉంది.

"ఇదీ!" అన్నాడు శశికాంత్, నిధి దొరికినవాడిలా. "ఇక్కడే లీకు!"

డేల్ తలుపు తీశాడు. స్టూలు చూశాడు. స్టూలు మీద శాలువా చూశాడు. బస్తా కొంచెం జరిపి, హీటర్ మీద అరచెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు.

శ్రీవల్లి దగ్గర జవాబులు బోలెడున్నాయి. ఇన్నాళ్ళుగా ఒక్కొక్కటీ నూరి దాచింది. ఏ ప్రశ్నకి ఏది తియ్యాలో వరస కూడా ఉంది. శశికాంత్ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా, గోడ పట్టుకుని నవ్వాడు.

"నువ్వా! లీకు నువ్వా వల్లీ! నేనింకా ఇల్లు పాడైపోయిందని కాగితం వచ్చినప్పటి నుంచీ నిద్ర పోవట్లేదు. అయితే ఇంటికేమీ కాలేదన్నమాట!"

"సార్," అన్నాడు డేల్, "అంటే పగలు ఇంట్లో ఒకరు ఉంటున్నట్టే కదా."

"ప్యాంట్రీలో ఉంటోంది," అన్నాడు శశికాంత్ కళ్ళు తుడుచుకుంటూ.

డేల్ ఆమె వైపు చూసి, బస్తాల మధ్య హీటర్ పెట్టడం ప్రమాదమనీ, చుట్టూ మూడడుగుల ఖాళీ ఉండాలనీ చెప్పాడు. ఇంకా ఏదో చేద్దామని ఉంది అతనికి, ఏం చెయ్యాలో తెలియలేదు. పోతూ పోతూ గుమ్మంలో బూట్లు వేసుకుంటూ, అరవై ఏడు సంగతి ఇంకోసారి చెప్పి, మంచి మనసుతోనే ఒక మాట అన్నాడు: అంతగా కుదరకపోతే కొంతమంది ఒక్క గదినే వెచ్చగా ఉంచుకుని అందులో ఉంటారని.

అతను చెప్పినవాటిలో శశికాంత్ చెవికెక్కింది ఆ ఒక్కటే.

శనివారం పొద్దుటి నుంచీ పనిలో దిగాడు. కింద గరాజ్ పక్కన పెట్టెలు పెట్టుకునే చిన్న గది ఉంది. దానికి కిటికీ లేదు. అదే దాని గొప్పతనం అన్నాడు. పెట్టెలన్నీ తీసేసి, తలుపు చుట్టూ నురగ పట్టీలు అంటించాడు. కింద కార్పెట్ ముక్క పరిచాడు. మంచి కుర్చీ, దీపం, లాప్‌టాప్ పెట్టుకోవడానికి చిన్న బల్ల. ఎప్పుడో ఆమె అడిగిన పుస్తకాల అరమర కూడా బిగించాడు. మోకాళ్ళ మీద కూర్చుని, చెమటలు కక్కుతూ, ఈల వేసుకుంటూ చేశాడు. మిగతా ఇంటికి పగలు యాభై రెండు చాలన్నాడు.

"నీకోసం వల్లీ. నీకంటూ ఒక గది."

పద్మ ఫోన్ చేసి విషయం వింది. "పోనీ గదన్న ఇచ్చిండు," అంది. "మా ఆయనకు చెప్పకే తల్లీ. మాకూ గరాజ్ పక్క గదున్నది."

మధ్యాహ్నం భోజనాలయ్యాక శశికాంత్ ఫోన్లో ఏదో చదువుతూ తలెత్తాడు. "వల్లీ, ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి వంద వాట్ల వేడి వస్తుందట. నిజమేనా?"

ఎనిమిదేళ్ళలో అతను ఆమెను అడిగిన మొదటి ఫిజిక్స్ ప్రశ్న.

"నిజమే," అంది శ్రీవల్లి. గొంతు దానంతటదే క్లాసురూము గొంతు అయిపోయింది. "సుమారుగా వంద. పనిచేస్తూ ఉంటే రెండొందలు దాటుతుంది. అందుకే మూసిన హాల్లో యాభైమంది పిల్లలు కూర్చుంటే మాఘమాసంలో కూడా ఉక్కపోసేది మాకు."

"చూశావా!" అన్నాడు శశికాంత్, కుర్చీలోంచి లేచి. "గది చూస్తే ఇంతే ఉంది. సీల్ బాగా కుదిరింది. అసలు హీటర్ కావాలో వద్దో ముందు తేల్చుకుందాం. ఒక్క గంట. నువ్వు లోపల కూర్చో, ఎంత పెరుగుతుందో చూద్దాం."

జవాబు కరెక్టుగా చెప్పినందుకు ఆమె మొహంలో వచ్చిన చిన్న వెలుగు ఇంకా పోనేలేదు. దాంతోనే వెళ్ళి కుర్చీలో కూర్చుంది. అతను థర్మామీటర్ చేతిలో పెట్టి తలుపు వేశాడు. నురగ పట్టీలు మెత్తగా అదుముకున్నాయి. బయటి చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా దూరమయ్యాయి.

యాభై ఏడు ఉంది. ఎంత పెరుగుతుందో ఆమెకు లెక్క తెలుసు. ఒకటి పెరుగుతుంది, పోనీ రెండు. తర్వాత గోడలు, నేల, గరాజ్ వైపు చల్లటి పలక, మనిషి ఇచ్చిందంతా తీసేసుకుంటూ ఉంటాయి.

ఇరవై నిమిషాలయ్యాక తలుపు మీద తట్టాడు. "ఎంతయింది?"

యాభై ఎనిమిది. తలుపుకి గొళ్ళెం లేదు. లేచి తోస్తే తెరుచుకుంటుంది. తోసుకుని వెళ్ళి ఏం చెప్పాలి? యాభై ఎనిమిదే అంటే, కొంచెం అటూ ఇటూ కదులు అంటాడు. ఎంతసేపు కూర్చున్నా ఇంతకంటే పెరగదని నిజం చెబితే, కదిలితే రెండొందల వాట్లని నువ్వే అన్నావుగా అంటాడు.

"అరవై రెండు," అంది శ్రీవల్లి.

"అరవై రెండా! సూపర్! ఇంకాసేపుండు, బాగా వస్తోంది." అడుగుల చప్పుడు మెట్లెక్కింది. విశ్వనాథం గారికి ఫోన్ చేసి చెబుతున్నట్టున్నాడు. మాటలు తెలియడం లేదు, సంతోషం మాత్రం తెలుస్తోంది.

శ్రీవల్లి థర్మామీటర్‌ని బల్ల మీద పెట్టింది. కాళ్ళు కుర్చీలోకి ముడుచుకుని, చీర కుచ్చిళ్ళు పాదాల కిందికి దోపుకుంది. చేతులు రెండూ చంకల్లో దాచుకుని, ఆ వంద వాట్లలో కొన్నైనా గోడలకు పోకుండా తన దగ్గరే ఉంచుకుందామని చూసింది.